గగనతలం నుండి గ్యాస్ పైపులైను లీకుల గుర్తింపు

భూమిలో పాతిపెట్టిన సహజవాయు పైపులైన్ల నుండి కారిపోతున్న వాయువును విమానం, హెలికాప్టరు, డ్రోను వంటి ఎగిరే వాహనాలకు అమర్చిన పరికరాలతో కనిపెట్టే పద్ధతిని గగనతల లీకు గుర్తింపు అంటారు. సహజవాయువులో అత్యధిక భాగం మీథేన్. దీనికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో 5 నుండి 15 శాతం వరకు కలిసి ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే మండుతుంది. మండకుండా వాతావరణంలో కలిసినా నష్టమే. ఒకే బరువు గల కార్బన్ డయాక్సైడుతో పోల్చినపుడు, 20 సంవత్సరాల కాలానికి లెక్కగడితే మీథేన్ భూమిని 80 రెట్లకు పైగా వేడెక్కిస్తుంది.

కాబట్టి లీకులను వెదకడానికి రెండు కారణాలు ఉన్నాయి: ఒకటి ప్రాణరక్షణ, రెండవది వాతావరణ రక్షణ. ఈ రెండూ ఒకే రకమైన లీకును కోరవు. ఇంటి పునాది పక్కన కారే చిన్న లీకు కూడా మనుషులను చంపగలదు. వాతావరణానికి కలిగే హాని మాత్రం చాలావరకు కొద్దిపాటి పెద్ద లీకుల నుండే వస్తుంది. ఏ పరికరాన్ని ఎంత ఎత్తున ఎగరవేయాలన్నది ఈ తేడాను బట్టి ఉంటుంది.

ఆవశ్యకత

దూరప్రాంతాలకు వాయువును చేరవేసే పెద్ద పైపులైన్లు పొలాలు, అడవులు, కొండలు, నదులు దాటి సాగుతాయి. ఒక్క అమెరికా సంయుక్త రాష్ట్రాలలోనే వీటి పొడవు దాదాపు 4.8 లక్షల కిలోమీటర్లు. అక్కడి నిబంధనల ప్రకారం ఇటువంటి లైన్లపై ప్రతి సంవత్సరం కనీసం ఒకసారి, రెండు తనిఖీల మధ్య 15 నెలలకు మించకుండా, లీకుల తనిఖీ జరగాలి. చేతిలో పరికరం పట్టుకొని నడిచే మనిషి రోజుకు పదిహేను, ఇరవై కిలోమీటర్లకు మించి చూడలేడు. హెలికాప్టరు అంత దూరాన్ని నిమిషాలలో పూర్తి చేస్తుంది.

పైపులో పీడనం తగ్గితే నియంత్రణ గదిలోనే తెలియదా అనే సందేహం సహజం. పైపు పగిలినప్పుడు తెలుస్తుంది. కాని ప్రవాహంలో ఒక శాతం కంటే తక్కువగా కారుతున్నప్పుడు పీడనంలో వచ్చే మార్పు, వాడకంలో రోజూ కనిపించే హెచ్చుతగ్గులలో కలిసిపోతుంది. తుప్పు వల్ల పడిన సూదిమొన రంధ్రం నెలల తరబడి ఎవరికీ తెలియకుండా కారుతూ ఉండవచ్చు.

మరి వాసన సంగతి ఏమిటి? 1937 మార్చి 18న టెక్సాస్ రాష్ట్రంలోని న్యూ లండన్ పాఠశాలలో పేరుకొన్న వాయువు పేలి దాదాపు 300 మంది విద్యార్థులు, ఉపాధ్యాయులు మరణించారు. ఆ వాయువుకు వాసన లేదు. ఆ దుర్ఘటన తరువాతనే వాయువులో మెర్కాప్టాన్ అనే గంధక సమ్మేళనాన్ని కలపాలన్న నియమం వ్యాపించింది. వంటగ్యాసుకు ఉండే ఘాటైన వాసన ఇటువంటి సమ్మేళనానిదే, గ్యాసుది కాదు. అయితే ఊళ్ళకు దూరంగా సాగే పెద్ద పైపులైన్లలో చాలాచోట్ల ఈ వాసనద్రవ్యం ఉండదు. భారతదేశంలో సాధారణంగా నగర ప్రవేశ కేంద్రం వద్ద దీనిని కలుపుతారు. కాబట్టి పొలాల మధ్య లీకును ముక్కుతో కనిపెట్టవచ్చునన్న భరోసా లేదు.

కంటిచూపుతో గుర్తింపు

పరికరాలు రాకముందు నుండి పైలట్లు పైపులైను వెంట తక్కువ ఎత్తులో ఎగురుతూ కంటితో చూసేవారు. మట్టిలోకి చేరిన వాయువు వేళ్ళ చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను తోసివేస్తుంది. మీథేన్‌ను ఆహారంగా తీసుకొనే సూక్ష్మజీవులు మిగిలిన ఆక్సిజన్‌ను కూడా వాడుకొంటాయి. ఫలితంగా పచ్చని చేలో ఒకచోట మాత్రమే గుండ్రంగా మొక్కలు పసుపుబారి ఎండిపోతాయి. ఇది మంచి గుర్తే, కాని ఎండాకాలంలో నేలంతా ఎండి ఉన్నప్పుడు దీనివల్ల ప్రయోజనం లేదు. పైగా మొక్క ఎండేసరికి లీకు మొదలై చాలా రోజులు గడిచి ఉంటాయి. ఈనాటికీ గగనతల గస్తీలో కంటిచూపుకు స్థానం ఉన్నది. అయితే అది ఎక్కువగా పైపులైనుపై ఎవరైనా తవ్వుతున్నారా, ఇళ్ళు కడుతున్నారా అని చూడటానికి.

ఈ సందర్భంలో ఒక పక్షిని గూర్చి చెప్పుకోవాలి. అమెరికా ఖండాలలో నివసించే టర్కీ వల్చర్ అనే రాబందు జాతికి ఘ్రాణశక్తి ఎక్కువ. కుళ్ళుతున్న మాంసం నుండి వెలువడే వాయువులలో మెర్కాప్టాన్ కూడా ఒకటి. 1930లలో కాలిఫోర్నియాలోని యూనియన్ ఆయిల్ సంస్థ ఉద్యోగులు, వాసనద్రవ్యం కలిపిన పైపులైను ఎక్కడ కారుతుంటే అక్కడ ఈ రాబందులు చుట్టూ తిరగడం గమనించి, వాటిని బట్టి లీకులను కనిపెట్టారు. పక్షి శాస్త్రవేత్త కెన్నెత్ స్టేజర్ 1964లో ప్రచురించిన తన పరిశోధనలో ఈ విషయాన్ని పేర్కొన్నాడు. మన దేశపు రాబందుల వల్ల ఈ ఉపకారం జరగదు, ఎందుకంటే అవి చూపు మీద ఆధారపడి ఆహారం వెదుకుతాయి.

మీథేన్ కాంతిని పీల్చుకొనే తీరు

1859లో జాన్ టిండాల్ లండన్‌లో చేసిన ప్రయోగాలలో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడుతో పాటు, వీధి దీపాలకు వాడే బొగ్గు వాయువు కూడా కంటికి కనిపించని ఉష్ణకిరణాలను అడ్డుకొంటుందని తేలింది. బొగ్గు వాయువులో మీథేన్ ఒక ముఖ్య భాగం. ఈనాటి లీకు పరికరాలన్నిటికీ మూలం ఈ ధర్మమే.

మీథేన్ అణువులో ఒక కార్బన్ పరమాణువు చుట్టూ నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. ఈ బంధాలు తీగల వలె కంపిస్తాయి. కంపనానికి సరిపోయే తరంగదైర్ఘ్యం గల పరారుణ కాంతి తగిలినప్పుడు అణువు దానిని పీల్చుకొంటుంది. మీథేన్ విషయంలో 3.3 మైక్రోమీటర్ల వద్ద, 7.7 మైక్రోమీటర్ల వద్ద ఈ శోషణం చాలా బలంగా ఉంటుంది. 1.65 మైక్రోమీటర్ల వద్ద బలహీనంగా ఉంటుంది. బలహీనమైనదైనా ఈ మూడవది వాడకంలో ప్రసిద్ధి చెందినది. టెలిఫోను సమాచారాన్ని గాజుతీగలలో పంపడానికి తయారయ్యే చిన్న లేజర్లు దాదాపు ఇదే ప్రాంతంలో పనిచేస్తాయి కనుక చవకగా దొరుకుతాయి.

విమానం నుండి లేజరు కాంతిని నేలమీదికి పంపి, తిరిగివచ్చిన కాంతిని కొలిస్తే సరిపోదు. కాంతి తగ్గినదంటే మీథేన్ ఉండి ఉండవచ్చు, లేదా నేల నల్లరేగడి అయి ఉండవచ్చు, తడి గడ్డి అయి ఉండవచ్చు. ఈ చిక్కు తీర్చడానికి వెంటవెంటనే రెండు కాంతి స్పందనలను పంపుతారు. ఒకటి మీథేన్ పీల్చుకొనే తరంగదైర్ఘ్యంలో, మరొకటి దానికి అతి సమీపంలో ఉండి మీథేన్ పీల్చుకోని తరంగదైర్ఘ్యంలో ఉంటాయి. నేల ఈ రెండింటినీ ఒకే విధంగా వెనుకకు పంపుతుంది. రెండింటి నిష్పత్తి తీసుకొంటే నేల ప్రభావం కొట్టివేయబడి మీథేన్ ప్రభావం మాత్రమే మిగులుతుంది. సంచీతో తూచి, ఖాళీ సంచీ బరువు తీసివేయడం వంటిదే ఇది. ఈ పద్ధతికి భేదాత్మక శోషణ లైడార్ అని పేరు. ఎంత కాంతి తగ్గితే ఎంత వాయువు ఉన్నట్లో లెక్కించడానికి ఇంటర్మీడియట్ విద్యార్థులకు తెలిసిన బీర్-లాంబర్ట్ నియమమే ఆధారం.

ఎత్తుకు సంబంధించిన లెక్క

ఈ పరికరం నిజంగా కొలిచేది గాఢతను కాదు. విమానానికీ నేలకూ మధ్య ఉన్న గాలి స్తంభంలోని మొత్తం మీథేన్‌ను కొలుస్తుంది. అందువల్ల దీని ప్రమాణం "పీపీఎం-మీటరు". అనగా పదిలక్షల భాగాలలో ఎన్ని భాగాలు మీథేన్ అన్న సంఖ్యను ఆ వాయువు మందంతో గుణించినది.

లీకు లేని మామూలు గాలిలో కూడా నేడు సుమారు 1.9 పీపీఎం మీథేన్ ఉన్నది. విమానం 100 మీటర్ల ఎత్తున ఉంటే ఈ మామూలు మీథేన్ 190 పీపీఎం-మీటర్లు అవుతుంది. ఇప్పుడు నేలపైన ఒక మీటరు మందాన 200 పీపీఎం గల వాయు మేఘం ఉన్నదనుకొందాం. అది మండే గాఢతలో 250వ వంతు మాత్రమే. అయినా అది 200 పీపీఎం-మీటర్లను కలుపుతుంది కనుక పరికరంలో విలువ రెట్టింపుకు మించి స్పష్టంగా కనిపిస్తుంది. అదే మేఘంపై విమానం 1,500 మీటర్ల ఎత్తున పోతే మామూలు మీథేన్ 2,850 పీపీఎం-మీటర్లు. లీకు కలిపేది అదే 200, అంటే 7 శాతం. కొలతలోని పొరపాట్లు కూడా కొన్ని శాతాలు ఉంటాయి కనుక ఈ లీకు వాటిలో మరుగున పడవచ్చు.

కనుక తక్కువ ఎత్తున ఎగిరితే చిన్న లీకు దొరుకుతుంది, కాని ఒకసారికి కనిపించే నేల సన్నని పట్టీ మాత్రమే. ఎక్కువ ఎత్తున ఎగిరితే జిల్లాలు జిల్లాలు చూడవచ్చు, కాని పెద్ద లీకులే దొరుకుతాయి. ఈ రెండింటినీ ఒకే విమానంతో సాధించాలనుకొనేవారికి తరచూ నిరాశే మిగులుతుంది.

వివిధ పరికరాలు

జర్మనీలో ఇ.ఆన్ రూర్‌గ్యాస్ సంస్థ ఆ దేశపు అంతరిక్ష సంస్థ సహకారంతో 2000 దశకంలో "చార్మ్" అనే హెలికాప్టరు లైడార్‌ను రూపొందించింది. ఇది 3.3 మైక్రోమీటర్ల ప్రాంతంలో పనిచేస్తూ, నూరు మీటర్లకు అటూఇటూ ఎత్తున పైపులైను వెంట ఎగురుతుంది. గాలి కొద్దిగా తోసినా లేజరు పైపు మార్గం నుండి తప్పిపోతుంది. అందుచేత పైపు పటాన్ని ముందే కంప్యూటరులో పెట్టి, ఉపగ్రహ స్థాన నిర్ధారణ సాయంతో కాంతిపుంజాన్ని ఎప్పటికప్పుడు సరిదిద్దుతారు. అదే దశకంలో అమెరికాలో ఐటీటీ సంస్థ "ఏంజెల్" అనే లైడార్‌ను చిన్న సెస్నా విమానంలో అమర్చింది.

రెండవ పద్ధతిలో లేజరు నేలను చూడదు. విమానమే వాయు మేఘంలోకి దూరి గాలిని లోపలికి పీల్చుకొని కొలుస్తుంది. ఇందులో గల పెద్ద సౌకర్యం ఈథేన్‌ను కూడా కొలవగలగడం. పశువులు, వరిపొలాలు, చెత్తకుప్పలు మీథేన్‌ను వదలుతాయి కాని ఈథేన్‌ను దాదాపు వదలవు. సహజవాయువులో సాధారణంగా రెండూ ఉంటాయి. రెండూ కలిసి పెరిగితే అది పైపులైను లేదా బావి నుండి వచ్చినదని నమ్మవచ్చు.

పరారుణ కెమెరాలో వాయువు పొగ వలె కనిపిస్తుంది, అయితే వాయువుకూ వెనుక ఉన్న నేలకూ ఉష్ణోగ్రతలో తేడా ఉండాలి. ఇమేజింగ్ స్పెక్ట్రోమీటరు అనే పరికరానికి లేజరు అవసరం లేదు. నేలపై పడి వెనుకకు వచ్చే ఎండలోని వందలాది తరంగదైర్ఘ్యాలను విడదీసి ప్రతి బిందువు వద్ద మీథేన్‌ను లెక్కిస్తుంది. నాసాకు చెందిన "అవిరిస్-ఎన్‌జీ" ఇటువంటిది. ఇది, ఇటువంటి మరొక పరికరం 2015లో అమెరికాలోని ఫోర్ కార్నర్స్ ప్రాంతంపై ఎగిరి 250కి పైగా మీథేన్ మూలాలను గుర్తించాయి. వాటిలో పైపులైను లీకులు కూడా ఉన్నాయి. మూలాలలో పదోవంతు మాత్రమే మొత్తం ఉద్గారంలో సుమారు సగానికి కారణమని తేలింది. 2016 నుండి 2018 వరకు కాలిఫోర్నియాలో జరిగిన సర్వేలో కూడా ఇదే ధోరణి కనిపించింది. గుర్తించిన మూలాలలో పదోవంతు, వాటి మొత్తం ఉద్గారంలో 60 శాతానికి కారణం. ఆ రాష్ట్రంలో మొదటి స్థానం చెత్త నిల్వలది, గ్యాస్ సంస్థలది కాదు.

లీకు పరిమాణం కనుగొనుట

మేఘం కనిపించినంత మాత్రాన ఎంత కారుతున్నదో తెలియదు. దానికి గాలి వేగం కావాలి. ఒక ఉదాహరణ చూద్దాం. లీకుకు గాలివాలున 100 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల ఎత్తు గల మేఘంలో మామూలు కంటే సగటున 1 పీపీఎం మీథేన్ ఎక్కువ ఉన్నదనుకొందాం. గాలి సెకనుకు 4 మీటర్ల వేగంతో వీస్తే సెకనుకు 20,000 ఘనపు మీటర్ల గాలి ఆ తలం గుండా పోతుంది. అందులో లీకు మీథేన్ 0.02 ఘనపు మీటరు. లెక్కిస్తే గంటకు సుమారు 47 కిలోలు. గాలి వేగాన్ని పొరపాటున 6 మీటర్లు అనుకొంటే జవాబు 70 కిలోలు దాటుతుంది. మీథేన్‌ను కొలవడంలో కంటే గాలిని కొలవడంలోనే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. గాలి పూర్తిగా నిలిచిన వేళ ఈ లెక్క అసలు పనికిరాదు.

ఈ పద్ధతి ప్రజల దృష్టికి వచ్చినది ఆలిసో కాన్యన్ సంఘటనతో. ఇది పైపులైను కాదు, లాస్ ఏంజెలెస్ సమీపంలోని భూగర్భ నిల్వకు చెందిన ఎస్ఎస్-25 అనే బావి. 2015 అక్టోబరు 23న లీకు బయటపడింది. కాలిఫోర్నియా ఇంధన సంఘం కోసం పైపులైన్ల లీకులను వెదికే పనిలో ఉన్న స్టీఫెన్ కాన్లీ అనే శాస్త్రవేత్త, స్వయంగా పైలట్ కూడా, నవంబరు 7న తన ఒంటి ఇంజను విమానంతో ఆ వాయు మేఘంలోకి వెళ్ళాడు. ఫిబ్రవరి వరకు అటువంటి 13 యాత్రలు జరిగాయి. గరిష్ఠంగా గంటకు 60 టన్నుల మీథేన్ వెలువడినట్లు, మొత్తం 97,100 టన్నులు వాతావరణంలో కలిసినట్లు 2016లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. 2016 జనవరిలో నాసా ఉపగ్రహం ఈఓ-1 పై ఉన్న హైపీరియన్ పరికరం కూడా ఈ మేఘాన్ని చూడగలిగింది. పోర్టర్ రాంచ్‌లోని వేలాది కుటుంబాలు ఇళ్ళు వదిలి వెళ్ళవలసి వచ్చింది. వారికి లీకు సంగతి వాసన ద్వారా ముందే తెలుసు. విమానం చెప్పినది లీకు ఉన్నదని కాదు, అది ఎంత పెద్దదని.

ఆ తరువాత ఉపగ్రహాల పాత్ర పెరిగింది. 2017లో ప్రయోగించిన సెంటినెల్-5పి రోజూ భూమినంతా చూస్తుంది కాని దాని ఒక్కొక్క బిందువు కొన్ని కిలోమీటర్ల పరిమాణం గలది. పొలం మధ్యలోని చిన్న లీకుకు ఇప్పటికీ విమానం, హెలికాప్టరు, డ్రోనులే గతి.

పరిమితులు

లేజరు పద్ధతికి నేల నుండి కాంతి తిరిగిరావాలి. నిశ్చలమైన నీరు పరారుణ కాంతిని పీల్చుకొంటుంది, లేదా అద్దం వలె పక్కకు మళ్ళిస్తుంది. వర్షంలో, పొగమంచులో కొలత సాగదు. దట్టమైన చెట్ల కింద ఉన్న మేఘం పూర్తిగా కనిపించదు. గాలి మరీ ఎక్కువగా ఉంటే మేఘం చెదిరి పలచబడుతుంది.

మట్టిలోని వాయువు నేరుగా పైకి రావాలన్న నియమం కూడా లేదు. పైన తారురోడ్డో, గడ్డకట్టిన నేలో ఉంటే పక్కకు జరిగి, పైపుకు దూరంగా ఏ కాలువ గట్టునో, ఇంటి నేలమాళిగలోనో బయటపడుతుంది. కాబట్టి విమానం సూచించిన ప్రతి చోటును నేలపై మనిషి వెళ్ళి చూసి, సరిచూడనిదే తవ్వరు. సూచనలలో కొన్ని పశువుల కొట్టాలుగా, మురుగుగుంటలుగా తేలడం సాధారణం.

అన్నిటికంటే ముఖ్యమైన పరిమితి కాలానికి సంబంధించినది. విమానం ఒకచోట ఉండేది సెకను కంటే తక్కువ. తనిఖీ ముగిసిన మరునాడు మొదలైన లీకు వచ్చే తనిఖీ దాకా దానికి తెలియదు.

భారతదేశంలో

మన దేశంలో పైపులైను మార్గాల పర్యవేక్షణకు కాలినడక గస్తీ, డ్రోనులు, ఉపగ్రహ చిత్రాలు వాడుతున్నారు. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం రూపొందించిన భువన్-గెయిల్ పోర్టల్ ఉపగ్రహ చిత్రాల సాయంతో పైపులైను మార్గంలోని ఆక్రమణలను చూపుతుంది. అది వాయువును చూసే సాధనం కాదు. ఇస్రో, నాసాలు కలిసి 2015-16లో అవిరిస్-ఎన్‌జీ పరికరాన్ని ఇస్రో విమానంలో అమర్చి దేశంలోని అనేక ప్రాంతాలపై ఎగురవేసాయి. పంటలు, అడవులు, ఖనిజాలు, తీరప్రాంతాల అధ్యయనం అందులో ప్రధానమైనవి.

తెలుగువారికి ఈ విషయంతో గల సంబంధం నగరం గ్రామంతో ముడిపడి ఉన్నది. 2014 జూన్ 27 తెల్లవారుజామున, అప్పటి తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలంలోని ఈ గ్రామంలో తాటిపాక నుండి కొండపల్లికి పోయే గెయిల్ పైపులైను నుండి వెలువడిన వాయువు అంటుకొని 20 మందికి పైగా మరణించారు. ఇళ్ళు, కొబ్బరిచెట్లు కాలిపోయాయి. వాయువు కారుతున్నదని తాము ముందే చెప్పామని గ్రామస్థులు అప్పట్లో పత్రికలకు తెలిపారు. పొడి వాయువు కోసం ఉద్దేశించిన పైపులో తేమ, కండెన్సేట్ కలిసిన వాయువును పంపడం వల్ల లోపలి నుండి తుప్పు పట్టినట్లు పెట్రోలియం మంత్రిత్వశాఖ నియమించిన విచారణ సంఘం పేర్కొన్నది.

కోనసీమ వంటి చోట గగనతల తనిఖీ టెక్సాస్ మైదానంలో వలె సులభం కాదు. కొబ్బరితోటలు నేలను కప్పివేస్తాయి. కాలువలు, నీరు నిలిచిన మళ్ళు లేజరు కాంతిని తిరిగి పంపవు. వరిమళ్ళు తమంతట తామే మీథేన్‌ను వదలుతాయి కనుక ఈథేన్‌ను కూడా కొలవనిదే ఏది పైరుదో, ఏది పైపుదో తేలదు. ఇళ్ళు పైపులైనుకు అతి దగ్గరగా ఉంటాయి కనుక ఇక్కడ వెదకవలసినవి చిన్న లీకులు కూడా. ఇటువంటి చోట తక్కువ ఎత్తున ఎగిరే డ్రోను, పరికరంతో నడిచే మనిషి హెలికాప్టరు కంటే మెరుగు.

పైపు గోడ లోపలి నుండి పలచబడుతున్న దశలో ఏ విమానానికీ ఏమీ కనిపించదు. ఆ దశను పట్టుకొనేది పైపు లోపల వాయువుతో పాటు ప్రయాణిస్తూ గోడ మందాన్ని కొలిచే "పిగ్" అనే పరికరం.